రోడ్డు కింద మట్టి ఎంత బిగువు? స్టిఫ్‌నెస్ కొలతలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మట్టి ల్యాబులో పనిచేసేవాణ్ణి ఎక్కడికెళ్లినా అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఈ మట్టి గట్టిదేనా?" అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే అడిగినవాళ్లకి హాయి, నాకూ హాయి. అలా చెప్పి తర్వాత నాలుక కరుచుకున్న రోజులున్నాయి కాబట్టి, సైట్ ఇంజనీర్లు, డిప్లొమా, బీటెక్ పిల్లలు, అప్పుడప్పుడు ఊరి సర్పంచులు అడిగినవాటికి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. డిజైన్ లెక్కలు చాలావరకు మన దేశంలో వాడే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలోనే ఉంటాయి. దాన్ని ఇకపై ఐఆర్‌సీ అంటాను.

గట్టితనం, స్టిఫ్‌నెస్ ఒకటేనా?

కాదు. తొంభై శాతం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఎంత బరువు పెడితే విరుగుతుందో చెప్పేది బలం. విరగకముందు, ఆ బరువుకి ఎంత నలుగుతుందో, ఎంత సాగుతుందో చెప్పేది స్టిఫ్‌నెస్. సైకిల్ ట్యూబు రబ్బరు లాగితే సాగుతూనే ఉంటుంది, అంత తొందరగా తెగదు. దానికి బలం ఉంది, స్టిఫ్‌నెస్ లేదు. వేయించిన అప్పడం వంగనే వంగదు, కానీ వేలితో తడితే పుటుక్కుమంటుంది. దానికి స్టిఫ్‌నెస్ ఉంది, బలం లేదు. తెలుగులో రెండింటినీ "గట్టి" అనేస్తాం. పుస్తకాల్లో స్టిఫ్‌నెస్‌కి "దృఢత్వం" అని ఉంటుంది గానీ సైట్‌లో ఆ మాట అంటే ఎవరూ తల తిప్పరు. నాకైతే "బిగువు" అన్న మాట దగ్గరగా అనిపిస్తుంది.

రోడ్డుకి స్టిఫ్‌నెస్ ఎందుకు ముఖ్యమంటే, ఒక్క లారీ వల్ల రోడ్డు కూలిపోవడం అరుదు. ప్రతి చక్రం దాన్ని మిల్లీమీటరులో కొంత భాగం కిందికి వంచి వదులుతుంది. అలా లక్షలసార్లు జరిగాక కింద మట్టి కూరుకుపోయి గాడి పడుతుంది, పైన తారు పగుళ్లిస్తుంది. ఆ వంపు ఎంతన్నది ముందే తెలియాలంటే పొరల మాడ్యులస్ కావాలి. ఒత్తిడిని స్ట్రెయిన్‌తో, అంటే అసలు పొడవులో ఎన్నో వంతు నలిగిందో ఆ అంకెతో, భాగిస్తే వచ్చేదే మాడ్యులస్, మెగాపాస్కల్స్‌లో చెబుతాం. ఉక్కుకి అది సుమారు 2 లక్షలు, మామూలు కాంక్రీటుకి 30 వేల దగ్గర, 35 డిగ్రీల్లో తారు కంకరకి 2 నుంచి 3 వేలు, వెట్‌మిక్స్‌కి (నీళ్లు కలిపి పరిచి కుదించే కంకర) రెండు మూడు వందలు, బాగా నానిన నల్లరేగడికి 20. ఉక్కు నుంచి రేగడి దాకా పది వేల రెట్ల తేడా. అందులో అట్టడుగున ఉన్నదాని మీదే రోడ్డు మొత్తం కూర్చుంటుంది.

సీబీఆర్ స్టిఫ్‌నెస్ టెస్టేనా?

నిజానికి కాదు. సీబీఆర్ అంటే కాలిఫోర్నియా బేరింగ్ రేషియో. అమెరికాలో కాలిఫోర్నియా రహదారుల విభాగంలో ఓ.జె. పోర్టర్ 1920ల చివర్లో తయారు చేసిన టెస్టు. 150 మిల్లీమీటర్ల మోల్డులో మట్టిని కుదించి, నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ప్లంజర్‌ని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి నొక్కుతారు. 2.5 మిల్లీమీటర్లు దిగేసరికి ఎంత బరువు పట్టిందో చూసి, దాన్ని 1370 కిలోలతో భాగిస్తారు. ఆ 1370 మంచి కంకర రాయికి వచ్చిన ప్రామాణిక బరువు. మీ మట్టి 110 కిలోలు పట్టిందనుకోండి, సీబీఆర్ 8 శాతం. 5 మిల్లీమీటర్ల దగ్గర 2055 కిలోలతో మళ్లీ చూస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. ప్లంజర్ రెండున్నర మిల్లీమీటర్లు దిగేసరికి దాని కింద మట్టి పక్కలకి జరిగిపోయి, కొంత నలిగిపోయి ఉంటుంది. అసలు రోడ్డు కింద మట్టికి లారీ వల్ల వచ్చే కదలిక ఇందులో ఎన్నో వంతు? అంటే సీబీఆర్‌లో కొంత బలం, కొంత స్టిఫ్‌నెస్ కలగాపులగంగా ఉన్నాయి. అయినా ఇన్నేళ్లుగా బతికి ఉందంటే కారణం చవక, ఎక్కడైనా చేయొచ్చు, ప్రతి జిల్లాలోనూ చేయగలిగినవాళ్లున్నారు. మట్టిని మంచిది, ఓ మాదిరిది, పనికిరానిది అని వరసలో పెట్టడానికి భేషుగ్గా పనికొస్తుంది. అంతకు మించి దాన్ని మోయమనకూడదు.

మరి సీబీఆర్ నుంచి మాడ్యులస్ ఎలా తీస్తున్నారు?

తారు రోడ్ల డిజైన్‌కి వాడే ఐఆర్‌సీ 37 పుస్తకం, 2018 ఎడిషన్‌లో రెండు సూత్రాలున్నాయి. సీబీఆర్ 5 శాతం లోపు ఉంటే 10తో గుణిస్తే మాడ్యులస్ మెగాపాస్కల్స్‌లో వస్తుంది. 5 దాటితే సీబీఆర్‌ని 0.64 ఘాతానికి పెంచి 17.6తో గుణించాలి. సీబీఆర్ 3 అయితే 30, 8 అయితే 66 దాటి, 10 అయితే దాదాపు 77. సరిగ్గా 5 దగ్గర మొదటి సూత్రం 50 ఇస్తే రెండోది 49 పైచిలుకు ఇస్తుంది, అంటే రెండూ అక్కడ కలుస్తాయి. మొదటిదానికి మూలం 1960ల్లో యూరప్‌లో చేసిన పని, రెండోది బ్రిటన్ నుంచి వచ్చింది.

10 అన్న అంకెని చాలామంది దేవుడిచ్చినట్టు పట్టుకుంటారు. ఆ సూత్రం పుట్టిన డేటాలోనే ఆ గుణకం సగానికీ రెట్టింపుకీ మధ్య ఊగింది. సీబీఆర్ 4 అన్న మట్టికి 40 అని రాసుకున్నాం సరే, అసలు విలువ 25 కావచ్చు, 70 కావచ్చు. డిజైన్‌కి ఏదో ఒక అంకె కావాలి కాబట్టి రాస్తాం, అంతే.

రెజిలియంట్ మాడ్యులస్ టెస్టు అంటే ఏమిటి?

లారీ చక్రం వచ్చి వెళ్లినట్టే మట్టి మీద బరువు పెట్టి తీస్తూ కొలిచే పద్ధతి. స్తంభంలాంటి నమూనాకి రబ్బరు తొడుగు వేసి ట్రయాక్సియల్ గదిలో పెడతారు. చుట్టూ గాలి ఒత్తిడి. పైనుంచి 0.1 సెకను బరువు, తర్వాత 0.9 సెకను విశ్రాంతి. మళ్లీ బరువు. మొదట 500 నుంచి 1000 సార్లు అలా కొట్టి నమూనాని కుదుటపరుస్తారు, ఆ తర్వాత అసలు కొలత. ప్రతి దెబ్బకి మట్టి కొంత దిగుతుంది, బరువు తీయగానే చాలావరకు తిరిగి లేస్తుంది. అలా తిరిగి లేచిన భాగంతోనే మాడ్యులస్ లెక్క కడతారు. లేవకుండా ఉండిపోయిన కాస్తా రోజులు గడిచేకొద్దీ గాడి అవుతుంది.

అమెరికా పద్ధతిలో చుట్టూ ఒత్తిడి, పై బరువు మారుస్తూ ఒకే నమూనా మీద 15 కలయికల్లో కొలుస్తారు. 15 కలయికలకి 15 జవాబులొస్తాయి. కొత్తగా వచ్చిన పిల్లలు ఇక్కడే తెల్లమొహం వేస్తారు: "సార్, ఇందులో కరెక్ట్ ఏది?" అన్నీ కరెక్టే. బంకమట్టి మీద పై బరువు పెంచితే మాడ్యులస్ తగ్గుతుంది. కంకర, ఇసకలకి చుట్టూ ఒత్తిడి పెంచితే మాడ్యులస్ పెరుగుతుంది. వదులుగా ఉన్న బియ్యం మూట మీద కాలు పెడితే దిగబడుతుంది, అదే మూటని బిగించి కట్టి కుట్టేస్తే మీద నిలబడొచ్చు. బియ్యం అవే, పట్టి ఉంచిన తీరు మారింది.

అందుకే "ఈ మట్టి మాడ్యులస్ ఎంత" అన్న ప్రశ్న సగమే. ఏ తేమలో, ఏ ఒత్తిడిలో, ఎంత స్ట్రెయిన్ దగ్గర అన్న మిగతా సగం కూడా అడగాలి.

ఒకే క్వారీ వెట్‌మిక్స్‌కి ఒక రోడ్డులో 200, ఇంకో రోడ్డులో 90 అని డిజైన్‌లో రాశారు. తప్పు కాదా?

తప్పు కాదు. కంకర పొరకి తనదంటూ ఒక మాడ్యులస్ ఉండదు, కింద ఉన్నది ఎంత పట్టి ఉంచితే అంత. పరుపు మీద ఇటుకలు పేర్చి పైన నిలబడండి, ఇటుకలు విడిపోతాయి. అవే ఇటుకలు గచ్చు మీద పేరిస్తే కదలవు. ఐఆర్‌సీ సూత్రం కూడా అదే చెబుతుంది: కంకర పొర మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 0.45 ఘాతానికి పెంచి, 0.2తో, కింది నేల మాడ్యులస్‌తో గుణించాలి. జీఎస్‌బీ (వెట్‌మిక్స్ కింద వేసే కంకర సబ్‌బేస్ పొర) 200, వెట్‌మిక్స్ 250, మొత్తం 450 మిల్లీమీటర్లు అనుకుంటే, కింది నేల కన్నా మూడు రెట్లకి కొంచెం పైన వస్తుంది. కింద సీబీఆర్ 8 ఉంటే 208 మెగాపాస్కల్స్. కింద సీబీఆర్ 3 అయితే 94.

కింది మట్టి చెత్తగా ఉంటే పైన కంకర దట్టంగా వేసేస్తే సరిపోతుందన్న నమ్మకం కాంట్రాక్టర్లలో బాగా ఉంది. మందం రెట్టింపు చేసినా మాడ్యులస్ 37 శాతమే పెరుగుతుంది. అదే డబ్బులో కొంత కింది అర మీటరు మట్టి మీద పెడితే పైన ఉన్న ప్రతి పొరా బాగుపడుతుంది.

డెన్సిటీ 98 శాతం వచ్చింది. ఇంకా స్టిఫ్‌నెస్ ఎందుకు కొలవాలి?

ఇది ప్రతి సైట్‌లోనూ వినే మాట. సబ్‌గ్రేడ్‌కి, అంటే పొరలన్నిటి కింద కుదించిన మట్టికి, హెవీ కంపాక్షన్ డెన్సిటీలో (ల్యాబులో బరువైన సుత్తితో కుదిస్తే వచ్చే గరిష్ఠ సాంద్రత) 97 శాతం ఉంటే బిల్లు పాసవుతుంది, నిజమే. కానీ డెన్సిటీ అంటే మట్టి ఎంత కిక్కిరిసి ఉందో తప్ప, ఎంత బిగిసి ఉందో కాదు.

ఒకసారి ముసురు పట్టిన మర్నాడు ఓ సబ్‌గ్రేడ్ చూడ్డానికి వెళ్లాను. ఇసక పోసి చేసే డెన్సిటీ టెస్టు మూడు చోట్ల చేశారు, మూడూ పాస్. సూపర్‌వైజర్ ముఖం వెలిగిపోతోంది. పక్కనే కంకర లోడుతో టిప్పర్ ఉంటే దాన్ని ఆ పట్టీ మీద నెమ్మదిగా నడపమన్నాను. వెనక చక్రానికి రెండడుగుల వెనక నిలబడి చూస్తుంటే, చక్రం ముందు నేల చిన్న అలలా లేచింది. చక్రం దాటగానే అణిగింది. చక్రం గుర్తు పడలేదు, పగులు లేదు, నేల మాత్రం తడి పరుపులా ఊగింది. ఆ మట్టిలో తేమ ఉండాల్సిన దానికన్నా మూడు శాతం ఎక్కువ. గాలి అంతా బయటికి పోయి, సందుల్లో నీళ్లు నిండి, రోలర్ బరువుని మట్టి రేణువుల బదులు నీళ్లు మోస్తున్నాయి. డెన్సిటీ పూర్తిగా వచ్చింది, స్టిఫ్‌నెస్ చచ్చిపోయింది. దున్ని, రెండెండలు కాయనిచ్చి, మళ్లీ రోలింగ్ చేస్తే అదే మట్టి రాయిలా నిలిచింది.

ఇది తిరగబడి కూడా జరుగుతుంది. ఎండాకాలం తేమ తక్కువలో కుదించిన మట్టి ఆ రోజు కొలిస్తే బ్రహ్మాండమైన మాడ్యులస్ చూపిస్తుంది. మొదటి వానకి నీళ్లు పీల్చుకుని కూలబడుతుంది. నల్లరేగడి అయితే ఉబ్బుతుంది కూడా. కర్నూలు వైపూ ఆదిలాబాద్ వైపూ ఎండాకాలం రేగడి చేలో గడ్డపార దిగదు, శ్రావణంలో చెప్పు ఊడిపోతుంది. ఆ రెండు రోజుల్లో ఉన్నది ఒకే మట్టి.

సైట్‌లో నేరుగా కొలవడానికి ఏమున్నాయి?

ముందు అందరికీ అందేది డీసీపీ, డైనమిక్ కోన్ పెనెట్రోమీటర్. 8 కిలోల సుత్తి 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడి, 60 డిగ్రీల మొన ఉన్న కోన్‌ని నేలలోకి దించుతుంది. దెబ్బకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసుకుంటూ పోవడమే. ఆ అంకెని 1.12 ఘాతానికి పెంచి, దాంతో 292ని భాగిస్తే సీబీఆర్ అంచనా వస్తుంది. దెబ్బకి 20 మిల్లీమీటర్లు దిగితే సీబీఆర్ 10 దగ్గర, 40 దిగితే 5 లోపు. దీని అసలు గొప్పతనం లోతులో ఏముందో చెప్పడం. పైన 300 మిల్లీమీటర్లు మంచి మొరం పోసి కింద బురద దాచిన చోట, కోన్ హఠాత్తుగా జారిపోతుంది. సుత్తి ఎత్తే కుర్రాడికి చేతుల్లోనే తెలిసిపోతుంది, మీరు స్కేలు చూడక్కర్లేదు. ఒక జాగ్రత్త: ఎండిన రోజు కొట్టిన డీసీపీ ఎండిన మట్టి సంగతే చెబుతుంది.

రెండోది లైట్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్, ఎల్‌డబ్ల్యూడీ. ఇద్దరు మోసుకెళ్లొచ్చు. 10 కిలోల బరువు 300 మిల్లీమీటర్ల పళ్లెం మీద పడి, సెన్సర్ ఆ పళ్లెం ఎంత దిగిందో చెబుతుంది. జర్మన్ పద్ధతిలో లెక్క నోటితో చేయొచ్చు: 22.5ని దిగిన మిల్లీమీటర్లతో భాగించాలి. అర మిల్లీమీటరు దిగితే 45 మెగాపాస్కల్స్. మూడు దెబ్బలు కుదురు కోసం, మూడు దెబ్బలు కొలత కోసం, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇది పైన అడుగు, అడుగున్నర లోతు సంగతే చెబుతుంది. పళ్లెం కింద ఒక్క గులకరాయి ఉన్నా రీడింగ్ పాడవుతుంది, కాబట్టి సన్న ఇసక చల్లి సమం చేయండి.

ఇక ప్లేట్ లోడ్ టెస్టు. పెద్ద పళ్లెం, హైడ్రాలిక్ జాక్, ఎదురుబరువుగా నిండు లారీ. కాంక్రీటు రోడ్లకి కావాల్సిన కె విలువ (నేల కొంత దిగడానికి ఎంత ఒత్తిడి పట్టిందో చెప్పేది) దీన్నుంచి వస్తుంది: 75 సెంటీమీటర్ల పళ్లెం 1.25 మిల్లీమీటర్లు దిగినప్పటి ఒత్తిడి చూస్తారు. నమ్మకమైన టెస్టే, కానీ రోజంతా తినేస్తుంది.

ఈ మూడింటి జవాబులు ఒకదానితో ఒకటి కలవలేదని కంగారు పడకండి. ఒక్కొక్కటి ఒక్కో లోతులో, ఒక్కో ఒత్తిడితో, ఒక్కో వేగంతో నేలని అడుగుతోంది.

బెంకెల్‌మన్ బీమ్ ఇంకా పనికొస్తుందా?

పనికొస్తుంది, నాకు దాని మీద కాస్త మమకారం కూడా ఉంది. అమెరికాలో ఎ.సి. బెంకెల్‌మన్ 1950ల మొదట్లో తయారుచేసిన పొడవాటి తూకపు కాడ ఇది. వెనక ఇరుసు బరువు 8170 కిలోలు, టైర్ల గాలి చదరపు సెంటీమీటరుకి 5.6 కిలోలు ఉన్న లారీ తెచ్చి, జంట టైర్ల మధ్య సందులో బీమ్ కొస పెడతారు. లారీ నెమ్మదిగా ముందుకు కదిలితే, అణిగి ఉన్న రోడ్డు తిరిగి లేస్తుంది. లారీ 2.7 మీటర్లు కదిలాక ఒకటి, అక్కణ్ణుంచి ఇంకో 9 మీటర్లు కదిలాక ఒకటి డయల్ రీడింగ్. కాడ ముందు భాగం వెనక భాగానికి రెట్టింపు పొడవు కాబట్టి డయల్ చూపించినదాన్ని రెండుతో గుణించాలి.

మెత్తటి రోడ్ల మీద ఒక చిక్కుంది. చక్రం చేసిన గుంట బీమ్ కాళ్ల దాకా పాకుతుంది, అంటే కొలిచే మనిషే గుంటలో నిలబడి లోతు కొలిచినట్టు. 2.7, 9 మీటర్ల రీడింగుల మధ్య తేడా 0.025 మిల్లీమీటర్లు దాటితే కాళ్లు కదిలాయని అర్థం. దానికి ఐఆర్‌సీ 81లో 2.91 గుణకంతో సవరణ ఉంది. ఆ సవరణ మరిచిపోయిన రిపోర్టుల్లో రోడ్డు ఉన్నదానికన్నా మంచిదిగా కనబడుతుంది. మరిచిపోయారా, మరిచిపోయినట్టు నటించారా అన్నది నేను అడగను.

ఎఫ్‌డబ్ల్యూడీ బీమ్‌కన్నా ఏ విధంగా మెరుగు?

ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ ట్రైలర్ లాంటి బండి. 300 మిల్లీమీటర్ల పళ్లెం మీద 40 కిలోన్యూటన్ల దెబ్బ వేస్తుంది, అది 20, 30 మిల్లీసెకన్లు ఉంటుంది, పరిగెత్తే లారీ చక్రంలా. 40 కిలోన్యూటన్లని ఆ పళ్లెం వైశాల్యంతో భాగిస్తే దాదాపు లారీ టైరు ఒత్తిడే వస్తుంది. బీమ్ ఒక్క చోట లోతు చెబితే, ఇది వరసగా ఉన్న సెన్సర్లతో గుంట ఆకారం మొత్తం చెబుతుంది. దెబ్బ పడిన చోట దిగింది అన్ని పొరల ఉమ్మడి పాపం. దూరంగా ఉన్న సెన్సర్ దగ్గర దిగింది మాత్రం దాదాపు కింది మట్టిదే. గుంట లోతుగా, ఇరుగ్గా ఉంటే పై పొరలు దెబ్బతిన్నాయి. వెడల్పుగా పళ్లెంలా ఉంటే కింద నేలే బలహీనం.

ఆ ఆకారం నుంచి ఒక్కో పొర మాడ్యులస్ వెనక్కి లెక్కగట్టడాన్ని బ్యాక్‌కాలిక్యులేషన్ అంటారు. ఐఆర్‌సీ 115 ప్రకారం దీనికి ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల కేజీపీబ్యాక్ సాఫ్ట్‌వేర్ వాడతాం. సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ జవాబిస్తుంది, చిక్కు అక్కడే. పొరల మందాలు మీరివ్వాలి. ఒకచోట పాత రికార్డులో తారు 100 మిల్లీమీటర్లు అని ఉంటే అదే ఇచ్చారు. తారు మాడ్యులస్ వెయ్యి దగ్గర వచ్చి, రోడ్డంతా లోపలే పగిలిపోయిందని తేల్చేశారు. కోర్ తీసి, అంటే రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి చూస్తే నిగనిగలాడుతున్న మంచి తారు, మందం మాత్రం 70 మిల్లీమీటర్లే. వంపుకి ఎదురునిలిచే శక్తి మందం ఘనంతో మారుతుంది. 0.7 ఘనం 0.34. మూడు వేల మాడ్యులస్ ఉన్న పొర కాగితం మీద వెయ్యి అయిపోవడానికి అది చాలు. కోర్ తియ్యకుండా ఎఫ్‌డబ్ల్యూడీ రిపోర్టు చదవొద్దు.

తారు మాడ్యులస్‌కి 35 డిగ్రీలు ఎందుకు?

మన దేశంలో చాలా చోట్ల ఏడాది పొడవునా తారు పొర సగటు వేడిమికి దగ్గరగా ఉంటుందని. వీజీ 40 అనే గట్టి రకం తారుతో చేసిన మిక్స్‌కి ఐఆర్‌సీ పట్టికలో 20 డిగ్రీల దగ్గర 6000, 35 దగ్గర 3000, 40 దగ్గర 2000 మెగాపాస్కల్స్. పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ అది ఒకే రోడ్డు కాదన్నమాట. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నం రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, అక్కడ ఆ పట్టిక కూడా ముగిసిపోతుంది. అందుకే తారు రోడ్డు మీద ఏ కొలతైనా తారులో చిన్న రంధ్రం చేసి, గ్లిజరిన్ పోసి, థర్మామీటర్ పెట్టి వేడిమి రాసుకోవాలి. బీమ్‌కైతే డిగ్రీకి 0.01 మిల్లీమీటరు సవరణ. లారీ వేగం కూడా లెక్కే: సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న లారీ కింద తారు మెత్తబడుతుంది, అందుకే గాడులు అక్కడ ముందు పడతాయి.

సిమెంటు కలిపితే స్టిఫ్‌నెస్ ఎంత పెరుగుతుంది?

ల్యాబులో చాలా పెరుగుతుంది. రోడ్డులో అంత ఉండదు. సిమెంటు కలిపిన కంకర బేస్‌కి ఐఆర్‌సీ 5000 మెగాపాస్కల్స్ తీసుకోమంటుంది. అదే సిమెంటు కలిపి దాని కింద వేసే సబ్‌బేస్‌కి 600 మాత్రమే, ల్యాబు అంకె దానికన్నా ఎంతో ఎక్కువ వచ్చినా సరే. పని నడిచేటప్పుడు లారీలు తిరగడం వల్ల, ఎండడం వల్ల పగుళ్లు వస్తాయని ముందే తెలుసు కాబట్టి అలా కోత పెట్టారు. ఆ పగుళ్లు తారు దాకా పాకకుండా మధ్యలో కంకర పొర ఒకటి వేస్తారు. రేగడి మట్టికి మాత్రం సిమెంటు కన్నా సున్నమే నయం, ముందు దాని ఉబ్బు తగ్గించాలి కదా.

టెస్టు చేయకుండా మట్టి వివరాల నుంచి అంచనా వేయొచ్చా?

వేయొచ్చు, నమ్మకం ఎంతన్నది వేరే మాట. ప్లాస్టిసిటీ ఉన్న మట్టికి, అంటే తడిపితే ముద్దలా మలచగలిగే మట్టికి, ఒక సూత్రం: 75 మైక్రాన్ల జల్లెడ దాటిన భాగాన్ని దశాంశంలో తీసుకుని ఆ గుణం ఎంతుందో చెప్పే ప్లాస్టిసిటీ ఇండెక్స్‌తో గుణించండి. దాన్ని 0.728తో గుణించి 1 కలపండి. 75ని దాంతో భాగిస్తే సీబీఆర్. 20 శాతం జల్లెడ దాటి, ఇండెక్స్ 8 ఉన్న ఎర్ర మొరానికి దాదాపు 35 వస్తుంది. 80 శాతం దాటి, ఇండెక్స్ 30 ఉన్న రేగడికి 4. ఆ రేగడిని నిజంగా నాలుగు రోజులు నానబెడితే 2 రావడం మామూలే. అంటే సూత్రం సరిగ్గా ఎక్కడ అవసరమో అక్కడే రెండింతలు పొగిడింది. పది చోట్ల తవ్వాలంటే ఎక్కడెక్కడ తవ్వాలో నిర్ణయించుకోవడానికి వాడుకోండి, డిజైన్‌కి వద్దు.

మెషీన్ లెర్నింగ్‌తో 95 శాతం పైన కచ్చితత్వం వచ్చిందని పేపర్లలో రాస్తున్నారు కదా?

పేపర్ చదివేటప్పుడు ఒక్కటి చూడండి: డేటాని ఎలా విడగొట్టారు? రెజిలియంట్ మాడ్యులస్ టెస్టులో ఒక్క నమూనా నుంచి 15 వరసలు వస్తాయని పైన చెప్పాను. వాటిని గుడ్డిగా కలిపి 80 శాతం నేర్పడానికి, 20 శాతం పరీక్షకి అని తీస్తే, ఒకే మట్టి ముద్ద రెండు వైపులా ఉంటుంది. ప్రశ్నపత్రం ముందురోజే చూసినట్టు. నమూనాల వారీగా, ఇంకా మేలు క్వారీల వారీగా విడగొడితే ఆ 95 ఎక్కడికి దిగుతుందో చూడాలి. అమెరికా మట్టితో నేర్చిన మోడల్‌కి మన రేగడి, చెలక నేలలు ఎప్పుడూ చూపించలేదన్నది మరో సంగతి. ప్రాజెక్టు చేసే పిల్లలు కొత్త అల్గారిథమ్ వెతకడం మాని, నలభై కొత్త నమూనాలు సరిగ్గా కొలిచి పెడితే నేను మొదట చప్పట్లు కొడతాను.

తరంగాలతో కొలిచే మాడ్యులస్ ఎందుకంత ఎక్కువ వస్తుంది?

నేలలో షియర్ తరంగం (నేలని అడ్డంగా ఊపుతూ సాగేది) వేగాన్ని వర్గం చేసి సాంద్రతతో గుణిస్తే షియర్ మాడ్యులస్ వస్తుంది. సెకనుకి 200 మీటర్ల వేగం, ఘనమీటరుకి 1800 కిలోలు అనుకుంటే 72 మెగాపాస్కల్స్, దాన్ని మామూలు మాడ్యులస్‌గా మారిస్తే 190 దాటుతుంది. అదే నేలకి ఎల్‌డబ్ల్యూడీ 50 చూపించొచ్చు. తరంగం నేలని తాకీ తాకనట్టు కదుపుతుంది, స్ట్రెయిన్ 0.001 శాతం కన్నా తక్కువ. చక్రం అంతకన్నా ఎన్నో రెట్లు కదుపుతుంది, కదలిక పెరిగేకొద్దీ మట్టి మెత్తబడుతుంది. భూకంప లెక్కలకి తరంగాల అంకె కావాలి, రోడ్డుకి దాన్ని నేరుగా పెట్టకూడదు.

ఇన్ని తలనొప్పులు అవసరమా? పది శాతం అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

గాడి పడటానికి పట్టే కాలం మట్టి పైభాగంలోని స్ట్రెయిన్ మీద ఆధారపడుతుంది, అదీ 4.5337 ఘాతంతో. స్ట్రెయిన్ పది శాతం పెరిగితే రోడ్డు ఆయువు 35 శాతం తగ్గుతుంది. పదిహేనేళ్లు రావాల్సింది పదేళ్లకి దిగుతుంది.

మా ఊరి రోడ్డు రిపోర్టులో మట్టి సీబీఆర్ 12 అని ఉంది. నమ్మొచ్చా?

రిపోర్టులో నాలుగు చూడండి. నానబెట్టారా లేదా. ఎంత డెన్సిటీకి కుదించారు. ఎంత తేమలో కుదించారు. నానినప్పుడు ఎంత ఉబ్బింది. ఈ నాలుగూ లేకపోతే 12 అన్నది ఫోన్ నంబరులో చివరి రెండంకెల్లాంటిది.

కొన్నేళ్ల క్రితం ఇలాంటి 12తోనే ఒక రిపోర్టు నా బల్ల మీదికొచ్చింది. కాంట్రాక్టర్ పేరు, ల్యాబు పేరు ఇక్కడ అనవసరం. మట్టి సంచీ విప్పితే నల్లగా, గోరుతో గీస్తే మైనంలా మెరిసింది. అలాంటి మట్టికి 12 ఎలా వస్తుందని మోల్డులో కుదించి, పైన బరువు పళ్లేలు పెట్టి, ఉబ్బు కొలిచే డయల్ బిగించి తొట్టిలో దింపాం. మొదటి రోజు సాయంత్రానికే డయల్ ముల్లు ఒక చుట్టు తిరిగింది. మా అటెండర్ రోజూ టీ తాగి వచ్చి దాన్ని చూసి, "ఇంకా లేస్తోంది సార్" అనేవాడు. నాలుగో రోజు తీసి ప్లంజర్ దింపితే సీబీఆర్ 2. పాత రిపోర్టు మళ్లీ తిరగేస్తే, నానబెట్టిన రోజులు అన్న గడిలో చిన్న గీత పెట్టి ఉంది. పొడి మట్టిని నొక్కి 12 రాశారు. కాగితం మీద అబద్ధం ఒక్కటీ లేదు. ఆ గడి ఎవరూ చదవలేదు, అంతే.